ఒకటి స్టార్టింగుకు... ఒకటి చాకిరీకి!

రాత్రంతా జీపులో లైటు వెలిగింది. చిన్న ఫ్రిజ్ నడిచింది. సెల్‌ఫోన్లు చార్జింగ్ అయ్యాయి. పాటలూ మోగాయి. తెల్లారి తాళం తిప్పితే... ‘టిక్’! అంతే. సెల్ఫ్ తిరగదు, ఇంజిను పలకదు. ఊరి మధ్యలో అయితే నలుగురు కలిసి తోస్తారు. వాగు అవతల, మామిడి తోట నడుమ ఎవరు తోస్తారు? ఫోర్ వీల్ డ్రైవ్ బండి మోకాలి లోతు బురదనైనా దాటుతుంది కానీ, దిగిపోయిన బ్యాటరీని మాత్రం దాటలేదు. దీనికి విరుగుడే రెండో బ్యాటరీ. అయితే ఇంకో బ్యాటరీ కొనుక్కొచ్చి తీగ కలిపేస్తే సరిపోదు. సరిగ్గా బిగిస్తే అది కాపలాదారు. తప్పుగా బిగిస్తే మొదటిదాన్ని కూడా వెంటబెట్టుకుపోతుంది!

తండా దారిలో...

ఇదంతా సరదాగా అడవుల్లో తిరిగేవాళ్ల గొడవ అనుకుంటే పొరపాటే. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలాన్నే చూడండి. 2022 వరకూ ఇది కృష్ణా జిల్లాలో ఉండేది. విజయవాడ నుంచి భద్రాచలం వెళ్లే జాతీయ రహదారి మీద మైలవరం దాటాక, తిరువూరు రాకముందు తగులుతుంది. రోడ్డు మీద నుంచి చూస్తే అన్నీ మామిడి తోటలే. మండలంలో చీమలపాడు, కంభంపాడు, రేపూడి వంటి ఊళ్లు, వాటి చుట్టూ తండాలు, తోటల్లోకి వెళ్లే డొంకదారులు. 

ఈ మండలం పేరు పత్రికల్లో ఎక్కువగా వినిపించింది మామిడి వల్ల కాదు, కిడ్నీ జబ్బుల వల్ల. తండాల్లో ఎన్నో కుటుంబాలు ఏళ్ల తరబడి ఈ బాధ పడుతున్నాయి. డయాలసిస్ అంటే మామూలుగా వారానికి రెండు మూడుసార్లు, వెళ్లిన ప్రతిసారీ నాలుగేసి గంటలు. పెద్ద ఆస్పత్రి కావాలంటే విజయవాడ సుమారు 60 కిలోమీటర్లు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ ఊరూరికీ చేరింది, నిజమే. కానీ అర్ధరాత్రి ఆయాసం మొదలైన మనిషిని వానలో, బురదలో తారురోడ్డు దాకా చేర్చాల్సింది చాలాసార్లు పక్కింటి బండే. ఆ బండి ఆ క్షణంలో ‘టిక్’ అంటే?

అదే బండి పగలు వేరే పనుల్లో ఉంటుంది. మామిడి సీజన్లో తోట కాపలాకు రాత్రంతా లైట్లు కావాలి. పశువుల టీకాలు తెచ్చేవారికి చల్లటి పెట్టె కావాలి. టీకా మందు అయినా, ఇన్సులిన్ అయినా మామూలుగా 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిల్వ ఉంచాలి. ఇవన్నీ ఒకే బ్యాటరీ నుంచి లాగితే స్టార్టింగుకు మిగిలేది సున్నా. చాలా అంబులెన్సుల్లో ఇంజినుకు ఒక బ్యాటరీ, రోగి పక్కనున్న పరికరాలకు వేరే బ్యాటరీ ఉండేది ఇందుకే.

హ్యాండిల్ పోయింది... భయం వచ్చింది

పాత జీపులు ఎరిగినవాళ్లకు ఇనుప హ్యాండిల్ గుర్తుండే ఉంటుంది. ముందు వైపు దూర్చి గిర్రున తిప్పితే ఇంజిను అందుకునేది. అందుకోకుండా వెనక్కి తన్నిందంటే చెయ్యి విరిగేది కూడా! ఆ బాధ తప్పించింది చార్లెస్ కెటరింగ్ అనే అమెరికా ఇంజినీరు. ఆయన తయారుచేసిన ఎలక్ట్రిక్ సెల్ఫ్ స్టార్టర్ 1912లో కాడిలాక్ కార్లలో వచ్చింది. దానికి కరెంటు ఇచ్చే సీసం బ్యాటరీ అప్పటికే పాతది. ఫ్రాన్సుకు చెందిన గాస్టన్ ప్లాంటే 1859లోనే దాన్ని కనిపెట్టాడు.

సుఖం వచ్చింది. దాంతోపాటే పరాధీనతా వచ్చింది. ఇప్పటి డీజిల్ బండ్లకు హ్యాండిల్ పెట్టే చోటే లేదు. ఇంజిను కంప్యూటర్‌కు కావాల్సిన వోల్టేజి అందకపోతే డీజిల్ లోపలికి పోదు. ఆటోమేటిక్ గేరు బండిని తోసి స్టార్ట్ చేయడం అసలు కుదరదు. అంటే బండి కొత్తదయ్యేకొద్దీ బ్యాటరీ మీద ఆధారపడటం పెరిగిందన్నమాట.

రెండో బ్యాటరీని అందరికన్నా ఎక్కువగా అలవాటు చేసుకున్నవాళ్లు ఆస్ట్రేలియన్లు. అక్కడి లోపలి ఎడారుల్లో వందల కిలోమీటర్లు మనిషి కనబడడు. తిండి చెడకుండా ఫ్రిజ్ నడవాలి, తెల్లారి బండి కదలాలి. ఆ అవసరమే నేర్పింది.

గుర్రం వేరు... ఎద్దు వేరు

బ్యాటరీలన్నీ ఒకటే అనుకుంటాం. కానీ పందెం గుర్రానికీ అరక ఎద్దుకూ ఉన్నంత తేడా ఉంటుంది వీటిలో. 

స్టార్టింగ్ బ్యాటరీ గుర్రం లాంటిది. లోపల పలచటి ప్లేట్లు ఎక్కువగా ఉంటాయి. ఒక్కసారిగా వందల ఆంపియర్లు విసిరేస్తుంది. మళ్లీ వెంటనే డైనమో దాన్ని నింపేస్తుంది. డీజిల్ ఇంజిను సెల్ఫ్ కొట్టినప్పుడు 300 ఆంపియర్లు మూడు సెకన్లు లాగిందనుకోండి. లెక్క కడితే ఖర్చయ్యేది పావు ఆంపియర్ అవర్ మాత్రమే! అంటే స్టార్టింగుకు కావాల్సింది నిల్వ కాదు, ఊపు. అలాంటి బ్యాటరీని రాత్రంతా కొద్దికొద్దిగా పిండుతూ పూర్తిగా దించేస్తే ప్లేట్లు పాడవుతాయి. పదేపదే అలా చేస్తే కొద్ది నెలల్లోనే మూలన పడుతుంది.

రెండో రకం డీప్ సైకిల్ బ్యాటరీ. అరక దున్నే ఎద్దులా నెమ్మదిగా, గంటల తరబడి పనిచేస్తుంది. ప్లేట్లు మందంగా ఉంటాయి. మన ఇళ్లలో ఇన్వర్టర్ కింద ఉండే పొడుగాటి ట్యూబులర్ బ్యాటరీ ఈ జాతిదే. అయితే దాన్ని తెచ్చి జీపులో పెట్టకండి. ఇంటి మూలన కదలకుండా కూర్చునే బ్యాటరీ అది. కుదుపులకు తట్టుకోదు, వంగితే యాసిడ్ చిందుతుంది. బండికి ఏజీఎం అనే సీల్డ్ రకం నయం. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం ఇంకా తేలిక, ఎక్కువ కాలం వస్తుంది, ధర కూడా ఎక్కువే.

బ్యాటరీల తయారీ తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. గల్లా రామచంద్రనాయుడు 1985లో తిరుపతి కేంద్రంగా స్థాపించిన అమరరాజా నుంచి 2000లో అమరాన్ వాహన బ్యాటరీలు వచ్చాయి. ఏ కంపెనీదైనా సరే, కొనేముందు ‘స్టార్టింగుకా, నిల్వకా’ అని అడగడం మరిచిపోవద్దు.

లారీలోవీ రెండే కదా?

‘రెండు బ్యాటరీలంటే మా లారీలో ఎప్పటి నుంచో ఉన్నాయి’ అంటారు డ్రైవర్లు. ఉన్నాయి. కానీ ఆ లెక్క వేరు. లారీలో ఒకదాని ప్లస్‌ను రెండోదాని మైనస్‌కు కలుపుతారు. 12కు 12 కలిసి 24 వోల్టులవుతుంది. 1950ల నాటి అమెరికా సైన్యం ఎం-38 జీపుల్లోనూ ఇదే పద్ధతి. అక్కడ రెండూ కలిసి చేసేది ఒకే పని. మామూలు 12 వోల్టుల జీపులో ఇలా కలిపితే బల్బులు, కంప్యూటర్ అన్నీ కాలిపోతాయి!

ఇంకొందరు ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపి వదిలేస్తారు. వోల్టేజి 12 దగ్గరే ఉంటుంది కాబట్టి వెంటనే ఏమీ కాలిపోదు. అందుకే ఇది ఇంకా మోసం. రాత్రి ఫ్రిజ్ లాగితే రెండూ కలిసే దిగిపోతాయి. ఒకటి చెడితే రెండోదాన్నీ గుంజుతుంది. డబ్బు రెండింటికి పెట్టినా భద్రత ఒక్కదానికీ ఉండదు. 

అసలు సూత్రం ఇదీ: ఇంజిను నడుస్తున్నప్పుడు రెండూ కలిసి చార్జ్ కావాలి. ఇంజిను ఆగగానే విడిపోవాలి. అన్నదమ్ములు సంపాదన కలిసి చేసినా ఖర్చు ఎవరిది వారిదే అన్నట్టు!

మధ్యలో గేటు

కలిపి, విడదీసే ఈ గేటు మూడు రకాలు.

మొదటిది చేత్తో తిప్పే స్విచ్. చవక, మొరటు, చెడిపోయేది తక్కువ. చిక్కల్లా మనిషితోనే. బండి ఆపాక తిప్పడం మరిచారా... మళ్లీ మొదటికే! 

రెండోది వోల్టేజిని చూసి తనంతట తాను పనిచేసే రిలే. ఇంజిను నడిచి వోల్టేజి సుమారు 13.3కు చేరగానే రెండింటినీ కలుపుతుంది. ఇంజిను ఆగి 12.8కు దిగగానే విడదీస్తుంది. అంకెలు కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ అవుతాయి. డైనమో నిలకడగా 13.8 నుంచి 14.4 వోల్టులు ఇచ్చే పాత బండ్లకు ఇది చక్కగా సరిపోతుంది.

మూడోది డీసీ-డీసీ చార్జర్. ఖరీదు ఎక్కువ. కొత్త బండ్లకు మాత్రం ఇదే దారి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక చాలా బండ్లలో డీజిల్ ఆదా కోసం డైనమో వోల్టేజిని కంప్యూటర్ తగ్గిస్తూ, పెంచుతూ ఉంటుంది. అలాంటప్పుడు రిలే అయోమయంలో పడి మాటిమాటికీ కలిపి విడదీస్తుంది, రెండో బ్యాటరీ ఎప్పటికీ నిండదు. డీసీ-డీసీ చార్జర్ లోపలికి ఎంత వచ్చినా, రెండో బ్యాటరీకి కావాల్సిన వోల్టేజిని తయారుచేసి ఇస్తుంది. లిథియం బ్యాటరీకి ఇది తప్పనిసరి అనుకోవచ్చు. ఎందుకంటే లిథియం ఆకలి ఎక్కువ. నేరుగా కలిపితే డైనమో మీద పడి విపరీతంగా లాగి దాన్ని వేడెక్కిస్తుంది.

లెక్క చూసుకోండి

ఎంత పెద్ద బ్యాటరీ కావాలి? షాపువాణ్ని అడగక్కర్లేదు. కాగితం మీద కూడిక చాలు. 40 లీటర్ల ఫ్రిజ్ ఆగుతూ నడుస్తూ వేసవి రాత్రి సగటున గంటకు 2 ఆంపియర్లు తీసుకుందనుకుందాం. 12 గంటలకు 24 ఆంపియర్ అవర్లు. 10 వాట్ల ఎల్ఈడీ లైట్లు రెండు, అయిదు గంటలు వెలిగితే 8. ఫోన్ల చార్జింగుకు మరో 5. మొత్తం 37. సీసం బ్యాటరీని సగానికి మించి దించకూడదు. అంటే కనీసం 80 ఆంపియర్ అవర్ల బ్యాటరీ కావాలి. 

ఇంట్లో రోగి ఉన్నవాళ్లు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. ఇళ్లలో వాడే 5 లీటర్ల ఆక్సిజన్ కాన్సంట్రేటర్ 300 వాట్లకు పైగానే లాగుతుంది. ఇన్వర్టర్ పెట్టి 12 వోల్టుల నుంచి నడిపితే దాదాపు 30 ఆంపియర్లు. పైన చెప్పిన 80 బ్యాటరీలో సగం దాదాపు గంటలో ఖాళీ! కాబట్టి ‘జీపులో రెండో బ్యాటరీ ఉందిగా’ అనే ధైర్యంతో రోగిని దూర ప్రయాణం చేయించకూడదు. ఆక్సిజన్ సిలిండర్, అంబులెన్సు చేసే పని అది. రెండో బ్యాటరీ చేసేది ఒక్కటే: బండి కదిలేలా చూడటం.

ఖర్చయింది మళ్లీ నిండాలి కదా. ఎ.కొండూరు నుంచి విజయవాడ దాకా ఒకసారి వెళ్తే లోటు చాలావరకు పూడుతుంది కానీ పూర్తిగా నిండదు. సీసం బ్యాటరీ చివరి ఇరవై శాతం దగ్గర తాబేలులా నడుస్తుంది. తిరువూరు దాకా వెళ్లి రావడమైతే చెప్పక్కర్లేదు. ఎప్పుడూ సగం కడుపుతో ఉంచితే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి బ్యాటరీ చచ్చిపోతుంది. వారానికోసారి ఇంట్లో చార్జర్‌తో రాత్రంతా నింపాలి. లేదంటే పైకప్పు మీద 100 వాట్ల సోలార్ పలక పెడితే, మంచి ఎండ రోజు 30 ఆంపియర్ అవర్ల దాకా వస్తుంది. ఎండకు మన దగ్గర కరవా!

తీగ దగ్గర పిసినారితనం వద్దు

బ్యాటరీకి వేలు పోసి, తీగ దగ్గర వందలు మిగుల్చుకునేవాళ్లున్నారు. అక్కడే దెబ్బ తింటారు. ముందు బ్యాటరీ నుంచి వెనక బ్యాటరీ దాకా 5 మీటర్ల రాగి తీగ వేశారనుకోండి. మందం 4 స్క్వేర్ ఎంఎం అయితే, 40 ఆంపియర్లు పారినప్పుడు దారిలోనే సుమారు 0.9 వోల్టు పోతుంది. డైనమో 14.2 ఇస్తే వెనకకు చేరేది 13.3. దాంతో బ్యాటరీ ఎన్నటికీ నిండదు, తీగ మాత్రం వేడెక్కుతుంది. అదే 16 స్క్వేర్ ఎంఎం తీగ అయితే పోయేది 0.2 వోల్టు.

ఇక ఫ్యూజు. మామూలు తీగకు ఒక ఫ్యూజు చాలు. ఈ తీగకు రెండు కావాలి. ఎందుకంటే దీనికి రెండు చివర్లా బ్యాటరీలే! మధ్యలో ఎక్కడ ఒరుసుకుని బాడీకి తగిలినా రెండు వైపుల నుంచీ కరెంటు దూకుతుంది. ముందు ఒక్కటే పెడితే, అది కాలిపోయినా వెనక బ్యాటరీ మంట పెడుతూనే ఉంటుంది. ప్రతి బ్యాటరీ ప్లస్‌కు జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. తీగ మోయగలిగేదానికన్నా ఫ్యూజు విలువ తక్కువ ఉండాలి. రేకులోంచి దూర్చే చోట రబ్బరు బుష్ పెట్టాలి. తీగ పొడవునా గొట్టం తొడగాలి. గుంతల దారిలో రేకు అంచు కత్తిలా కోస్తుంది.

చోటు విషయం. బానెట్ కింద ఖాళీ ఉందని అక్కడే పెట్టేస్తారు. ఎండాకాలం ఆ వేడిలో బ్యాటరీ ఆయుష్షు హరించుకుపోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుందని మెకానిక్కుల లెక్క. లిథియం అయితే అక్కడ అసలే పెట్టకూడదు. వెనక పెట్టాలంటే సీల్డ్ రకమే పెట్టాలి. నీళ్లు పోసే రకం చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వదులుతుంది. మూసి ఉన్న బండిలో ఒక్క నిప్పురవ్వ చాలు. బరువు పాతిక కిలోల పైమాటే. సీటు వెనక తాడుతో కట్టి వదిలేస్తే, బండి పల్టీ కొట్టినప్పుడు అదే బండరాయై వచ్చి మీద పడుతుంది. ఇనుప చట్రం చేయించి చాసిస్‌కు బోల్టులతో బిగించాల్సిందే.

బిగించే వరస

విప్పేటప్పుడు ముందు మైనస్, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. ఈ ఒక్క వరస పాటిస్తే పానా జారి బాడీకి తగిలినా మెరుపులు రావు. చేతికున్న ఉంగరం, కడియం తీసి పక్కన పెట్టాలి. కొత్త బండ్లలో బ్యాటరీ మైనస్ మీద చిన్న సెన్సర్ పెట్టె ఉంటుంది. అలాంటి చోట రెండో బ్యాటరీ ఎర్త్‌ను ఆ మైనస్‌కు కాకుండా చాసిస్‌కే ఇవ్వాలి. లేకపోతే బండి కంప్యూటర్ లెక్క తప్పుతుంది. వించ్ ఉన్నవాళ్లు దాన్ని ఈ తీగకు తగిలించకూడదు. అది 300 ఆంపియర్లకు పైగా లాగే రాక్షసి. దాని దారి దానికి వేరే ఉండాలి.

మొదటి బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే రెండోదాంతో స్టార్ట్ చేయొచ్చా? చేయొచ్చు. కానీ సన్న తీగ, చిన్న రిలే గుండా కాదు. అవి సెల్ఫ్ కరెంటును మోయలేవు. బండిలో మంచి జంపర్ కేబుళ్లు ఒక జత ఉంచుకోవాలి.

కంపెనీ తీగలను కోసి అతికించే మెకానిక్కును మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. అలా కోస్తే వారంటీ పోయే ప్రమాదముంది. మంటలంటుకుంటే బీమా దగ్గరా పేచీ వస్తుంది. పని మొదలుపెట్టేముందే వారంటీ పుస్తకం, బీమా కాగితం చదువుకోవాలి.

పాతది బావి పక్కన పారేయొద్దు

నీళ్లు పోసే బ్యాటరీ వాడేవాళ్లు డిస్టిల్డ్ వాటరే పోయాలి. దొరకలేదని బోరు నీళ్లు పోస్తే అందులోని లవణాలు ప్లేట్లకు పడతాయి. టెర్మినళ్ల మీద తెల్లటి చిలుము పేరుకుంటే వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, ఆరాక కాస్త వ్యాజలైన్ రాయాలి. 

అంతకన్నా ముఖ్యమైనది పాత బ్యాటరీ సంగతి. యాసిడ్‌ను చేలో పారబోసి, సీసం కోసం ఇంటి దగ్గర పగలగొట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. సీసం ఒంట్లో చేరితే నరాలతో పాటు కిడ్నీలనూ దెబ్బతీస్తుంది. గుక్కెడు మంచినీటి కోసం ఏళ్లుగా అల్లాడిన ఎ.కొండూరు లాంటి చోట భూమిలోకి మరో విషం దించడం కన్నా పాపం ఉందా? 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది. కొత్తది కొన్న షాపులోనే పాతది ఇచ్చేస్తే ధరలో కొంత తగ్గిస్తారు కూడా.

ఒక్క రాత్రి పరీక్ష

పని పూర్తయింది. సరిగ్గా చేశారా లేదా? దానికో పరీక్ష ఉంది. సాయంత్రం బండి ఆపాక గంటాగి, మల్టీమీటర్‌తో మొదటి బ్యాటరీ చూడండి. నిండుగా ఉంటే 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. రాసుకోండి. ఇక ఫ్రిజ్, లైట్లు, చార్జర్లు అన్నీ రెండోదాని మీద వేసి రాత్రంతా వదిలేయండి. తెల్లారి మళ్లీ చూడండి. రెండోది 12.2కు దిగి ఉంటే దిగనివ్వండి. సగం అయిపోయిందని అర్థం, దాని పని అది చేసింది. మొదటిది మాత్రం రాత్రి రాసుకున్న అంకె నుంచి కదలకూడదు. కదిలిందంటే గేటు మూసుకోలేదని లెక్క. మెకానిక్కు డబ్బు చేతిలో పెట్టేముందే ఈ పరీక్ష చేయించండి. ఎందుకంటే రెండో బ్యాటరీ విలువ అది వెలిగించే లైట్లలో లేదు. ఏ అర్ధరాత్రో పక్క తండా నుంచి ఎవరైనా పరుగెత్తుకొచ్చి ‘అన్నా, బండి తియ్యి’ అన్నప్పుడు, అది ముట్టుకోకుండా వదిలిన మొదటి బ్యాటరీలో ఉంది.